ఒకటో దెబ్బ

ఆ సాయంత్రం తోళ్ళ గోదాములో అతను ఒకటో దెబ్బ కావాలని కొట్టాడా, భయానికి వేలు జారి అదే పడిందా? వాయిద్యం తెలిసినవాళ్ళు ఒకలా చెబుతారు, అతన్ని తెలిసినవాళ్ళు ఇంకోలా చెబుతారు. రెండూ తెలిసినవాళ్ళు తల గోక్కుంటారు. కొట్టాడంటే కొట్టాడనే అనిపిస్తుంది. జారిందంటే, ఆ మనిషి సంగతి ఎరిగినవాళ్ళకి, అదీ నిజమేననిపిస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ చిక్కు విడలేదు.

అందరూ అతన్ని దుబ్బు అనేవారు. వయసులో ఉండగా తలమీద గడ్డి దుబ్బులా జుట్టుండేది. పెళ్ళి మాట ఇంట్లో తేలేలోపే జుట్టు రాలిపోయింది, పెళ్ళి మాటా రాలిపోయింది, పేరు మాత్రం ఊడలేదు. తర్వాత బాసు గిటారు పట్టాడు. అది దుబ్బు దుబ్బుమని మోగుతుంది కాబట్టి పాత పేరుకి కొత్త కారణం దొరికింది.

చేసే పని కుట్టుమిషన్లు బాగుచెయ్యడం. రెండు వీధులు కలిసే మూల, ఒక మేడ మెట్ల కింద, గూడులాంటి కొట్టు. నిలబడితే తల మెట్టుకి తగులుతుంది కాబట్టి కూర్చునే బతికాడు. చుట్టూ చక్రాలు, బెల్టులు, బాబిన్లు, నూనె డబ్బా. దారం తెగినా సూది విరిగినా ఆ చుట్టుపక్కల వాళ్ళు ముందు అతని దగ్గరికే వచ్చేవారు. కుట్లు వేసే ఫ్యాక్టరీ వాళ్ళు కూడా మిషన్లు మొరాయిస్తే అతన్నే పిలిచేవారు.

ఇక భయం సంగతి. అది అతనికి రెండో చర్మం. కుక్క అరిస్తే కాదు, అరవకపోతే భయపడేవాడు, ఎందుకు అరవడం లేదా అని. ఫోను మోగితే ఆగేదాకా దాని వంకే చూసి, ఆగాక "ఎవరో" అనేవాడు. పళ్ళ డాక్టరు కుర్చీకి జడిసి, పుచ్చిన పన్ను ఉన్న వైపు నమలడమే మానేసి, ఏళ్ళ తరబడి ఒంటి దవడతో తిన్నాడు. పొద్దున్నే కొట్టుకి బయల్దేరేటప్పుడు గడియ లాగి చూసేవాడు, నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి లాగి చూసేవాడు. "వీడు పుట్టినప్పుడు ఏడవను కూడా లేదు, జడుసుకుని ఊరుకున్నాడు" అనేది వాళ్ళమ్మ.

అలాంటి మనిషికి పెద్దవాళ్ళని నిలదీసే బ్యాండులో చోటెలా దొరికింది? అది మేస్త్రీ పుణ్యం.

మేస్త్రీ అంటే ఇళ్ళల్లో నేల బండలు పరిచే మేస్త్రీ. ఒకసారి ఎవరో ఖాళీ చేసి పోయిన ఇంట్లో పని చేస్తుంటే, అటకమీద పాత టేప్ రికార్డరూ అందులో ఒక క్యాసెట్టూ దొరికాయట. ఎక్కడో సముద్రం మధ్య దీవి వాళ్ళ పాటలు. మాట ఒక్కటి అర్థం కాలేదు. కానీ బండలు పరుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆ రకం పాటని రెగే అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికే సిమెంటు డబ్బాల మీద దరువు నేర్చుకుని, నిజం డ్రమ్ముల దాకా వచ్చాడు.

పాట నాలుగేసి దెబ్బల వరసలో నడుస్తుంది. మామూలు పాటకి బలమంతా ఒకటో దెబ్బలో ఉంటుంది. అక్కడే తల ఊగుతుంది, అక్కడే చప్పట్లు పడతాయి. రెగేలో ఆ చోట ఏమీ ఉండదు. డ్రమ్ముల దగ్గర చెయ్యి గాల్లో ఆగుతుంది, బాసు ఊపిరి బిగబడుతుంది, బరువంతా మూడో దెబ్బ మీద దిగుతుంది. సందుల్లో గిటారు చక్, చక్ అంటుంది. కొత్తగా వినేవాడికి మెట్టుందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టు ఉంటుంది. రెండుసార్లు తూలాక ఆ తూలడమే బాగుంటుంది.

"అది ఖాళీ కుర్చీరా" అనేవాడు మేస్త్రీ. "ఇంటికొచ్చినవాడికి ఒక కుర్చీ వదలాలి కదా. అన్నిట్లోనూ మనమే కూర్చుంటే వాడు గుమ్మంలో నిలబడి పోతాడు."

బ్యాండుకి ఆ పేరే పెట్టారు, ఖాళీ కుర్చీ.

మేస్త్రీ ఒకరోజు ఇంట్లో మిషను మోసుకొచ్చి దుబ్బు ముందు పెట్టాడు. దుబ్బు దాన్ని బాగుచేసి నడిపి చూస్తున్నాడు. సూది విరుగుతుందేమోనని మొదటి తొక్కు తొక్కడు. చక్రాన్ని వేలితో కదిపి, అది తనంతట తాను దొర్లాక, ఎక్కడో మధ్యలో కాలు ఆనిస్తాడు. మేస్త్రీ చాలాసేపు విన్నాడు.

"మాకందరికీ ఒకటో దెబ్బ మానేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు తల్లి కడుపులోనే మానేసి వచ్చావేంట్రా."

"ఏం మానేశానండీ? నేనేం చెయ్యలేదు" అన్నాడు దుబ్బు, కంగారుగా.

"అదే చెప్తున్నా. అదే కావాలి."

అలా భయమే అతనికి విద్య అయింది. బాసు అతని చేతుల్లో నిండు బకెట్టు తొణక్కుండా మెట్లెక్కేవాడి నడకలా ఉండేది. ప్రతి స్వరమూ ముందు నేల తడిమి చూసుకుని అడుగు వేసేది. అతని బాసు మీద వాలితే గోడకి ఆనుకున్నట్టు ఉంటుందని చెప్పుకునేవారు. ఆ గోడ లోపల వణుకుతోందని వాళ్ళకి తెలియదు.

చక్ చక్ వాయించేవాడు ఎలక్ట్రీషియను. అందరూ కరెంటాయన అనేవారు. నోరు ఊరుకోదు. పాడేది దుబ్బు చెల్లెలు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, ఫ్యాక్టరీలో చొక్కాలకి గుండీలు కుట్టేది, అందుకని గుండీ. తండ్రి పోయాక ఆమెని వీపున వేసుకుని పెంచింది దుబ్బే. ఆమె గొంతు సన్నగా, గరుగ్గా, అరిగిన దారంలా ఉండేది. ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అనిపిస్తుంది, తెగదు. కళ్ళు మూసుకుని పాడేది.

వాళ్ళ పాటలు ఇంటి అద్దె మీద, రాని నీళ్ళ మీద, ఆసుపత్రి వరసల మీద. "డాక్టరుగారు వచ్చేదాకా దయచేసి బతికుండండి" అన్న పాటకి ఆసుపత్రి ఆయాలు కూడా మోకాళ్ళు వంచి ఊగారు. ఫ్యాక్టరీ గేట్ల ముందు, బడి ఆవరణల్లో, పక్క పలకలు దించేసిన లారీ మీద వాయించారు. పరుపులు కుట్టేవాడి గోదాములో, పరుపుల మధ్య దూరి, ఒక క్యాసెట్టంత పాటలు రికార్డు చేశారు. రేడియోలో ఒక్కసారి వేశారు, మళ్ళీ వెయ్యలేదు. అయినా ఫోను నుంచి ఫోనుకి పాకాయి. "ఇంత పేరొచ్చింది కదా, ఒక్క పెళ్ళికైనా పిలవరేంటయ్యా" అని కరెంటాయన వాపోయేవాడు. "పెళ్ళిలో ఒకటో దెబ్బ కావాలి మరి" అనేవాడు మేస్త్రీ.

బయల్దేరే ప్రతిసారీ గుమ్మంలో వాళ్ళమ్మ దుబ్బుతో ఒకే మాట అనేది. "చెల్లెల్ని ఎలా తీసుకెళ్తున్నావో అలా తీసుకురా."

ఆ మాట మోసుకుంటూ వెళ్ళేవాడు. బాసు కన్నా అదే బరువు.

ఆ తర్వాత ఫ్యాక్టరీ కాలిపోయింది. మధ్యాహ్నం పూట, పై అంతస్తులో. ముందు మెట్ల మీద మంట. వెనక తలుపుకి గొలుసూ తాళమూ. గుడ్డ ముక్కలు దొంగతనంగా పోతున్నాయని వేయించిన తాళం. గుండీ ఆ సమయానికి దారం ఉండలు తేవడానికి కిందికి వచ్చి ఉంది కాబట్టి మిగిలింది. ఆమె పక్క మిషను పిల్లా, పైనున్న ఇంకెందరో మిగల్లేదు. ఆ పిల్ల తల్లి వీధి మలుపులో బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తుంది. కాలిన వాసన తగిలి చాలా రోజులు బొగ్గులు ముట్టించలేకపోయింది.

విచారణలో తాళం ఎవరూ వెయ్యలేదని తేలింది. తాళమే లేదన్నారు.

గుండీ పాట కట్టింది. పెద్ద పాట కాదు. పక్క మిషను పిల్ల నవ్వు, పంచుకుని తిన్న డబ్బా, పొగ. చరణం చివర ఒక ప్రశ్న, "తాళం ఎవరేశారు?" ఆ వెంటనే ఒకటో దెబ్బ, అంటే ఖాళీ. ఆ ఖాళీలో బ్యాండు ఏమీ అనదు. జనమే అంటారు, "పెద్దాయన." ఫ్యాక్టరీ యజమానిని అక్కడ పనిచేసేవాళ్ళంతా పిలిచే పేరు అది.

"రేపు కోర్టుకి లాగితే?" అని దుబ్బు అడిగాడు.

"పెద్దాయన అంటే మా తాత అని చెప్తాం" అన్నాడు కరెంటాయన. "మా తాత తాళాలు బాగా వేసేవాడు."

అందరూ నవ్వారు. దుబ్బు నవ్వలేదు. గుడ్డతో బాసు తీగలు తుడుస్తూ కూర్చున్నాడు.

పాట వీధులు దాటింది. ఖాళీ కుర్చీలో జనం నిండుగా కూర్చున్నారు. అప్పుడొచ్చాడు ఆ మనిషి.

మిట్టమధ్యాహ్నం, కొట్టు ముందు ఎవరూ లేరు. ఇస్త్రీ నలగని చొక్కా, మెరిసే బూట్లు. గుడ్డలో చుట్టిన కుట్టుమిషను తలని పసిపిల్లని దించినట్టు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"చప్పుడు ఎక్కువ చేస్తోందండీ. ఆపాలి."

"ఎక్కడ చేస్తోందండీ?"

"అది మీరు చూసి చెప్పాలి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

దుబ్బు చక్రం తిప్పాడు. మెత్తగా తిరిగింది. చప్పుడే లేదు. సూది కింది రేకు తీశాడు. లోపల నల్లటి పొడి. నూనె మసి అయితే వేలికి జిగురుగా అంటుతుంది. ఇది వేలు తగలగానే చెదిరింది. పక్కన, పోయిన వాషరు బదులు తానే ఎప్పుడో వేసిన రాగి ముక్క కనిపించింది. ఆ మిషను ఎక్కడిదో, ఏ బల్లదో అతనికి తెలుసు.

"మీ చెల్లెలుగారి పక్క సీటుదండీ" అన్నాడు ఆ మనిషి, వాతావరణం సంగతి చెప్పినట్టు. "ఆవిడ అదృష్టం బాగుంది ఆ రోజు. అదృష్టం రోజూ ఒకలా ఉండదు కదా. మీరు పెద్దవారు, మీకు చెప్పాలా."

మాట్లాడుతున్నంతసేపూ బూటుతో నేల మీద తడుతున్నాడు. ఒకటి. ఒకటి. ఒకటి. మధ్యలో ఏమీ లేదు, మేకు కొట్టినట్టు.

"తొందరేం లేదు. మళ్ళీ వస్తాను."

అతను వెళ్ళాక ఎదురుగా ఎవరో గుండీలు ఊడిన చొక్కా పట్టుకుని "ఏమయ్యా, పలకవే" అని రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయారు. దుబ్బు మిషనుకి గుడ్డ చుట్టి బల్ల కిందికి తోశాడు.

మేస్త్రీకి చెప్పాడు. చెల్లెలి అదృష్టం గురించిన మాట మాత్రం చెప్పలేకపోయాడు. నోటితో అంటే జరుగుతుందేమోనని భయం.

గుండీ తేలిగ్గా తీసిపారేసింది. "చప్పుడు చెయ్యని మిషను ఎక్కడైనా ఉందా అన్నయ్యా? ఉంటే నువ్వే పస్తు."

మేస్త్రీ నవ్వలేదు. "ఒక కట్టడి పెట్టుకుందాం" అన్నాడు. "తేడా మనిషి కనిపిస్తే, చూసినవాడు ఒకటో దెబ్బ కొట్టాలి. మనలో ఎవరూ పొరపాటున కూడా కొట్టరు కాబట్టి అందరికీ తెలుస్తుంది. గుండీ గొంతు ఆపేసి వెనక్కి రావాలి. మనం ఉత్త వాయిద్యం నడుపుదాం. వినేవాళ్ళకి అదీ ఒక సొగసే అనిపిస్తుంది."

"అంటే, కుర్చీలో ఎవడో కూర్చున్నాడని" అన్నాడు కరెంటాయన.

"ఊఁ. అంతే."

తర్వాతి ఆదివారం బడి ఆవరణలో, వెనక గోడ దగ్గర ఒక మనిషి కాలితో తడుతున్నాడు. ఒకటి, ఒకటి. దుబ్బుకి పై ప్రాణాలు పైనే పోయాయి. "తాళం ఎవరేశారు?" అని గుండీ అనగానే ఒకటో దెబ్బ మీద బాసు మోగించాడు. ఆమె వెనక్కి వచ్చింది. పాటయ్యాక ఆ మనిషి దగ్గరికొచ్చి, తాను బస్సు డ్రైవర్ననీ, పాట చాలా బాగుందనీ చెప్పి అందరికీ చేతులు కలిపాడు. దరువు తెలియని మంచివాడు. కరెంటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ రోజు దుబ్బు చెల్లెల్ని ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మ తలుపు తీసి, "వచ్చారా" అంది. ఆ రాత్రి, ఆ మనిషి కొట్టుకి వచ్చాక మొదటిసారి, కంటినిండా నిద్రపోయాడు.

మరుసటి కచేరీలో బూట్లవాళ్ళు ఎవరూ లేరు. అయినా కొట్టాడు. ఆ పై దానిలోనూ కొట్టాడు. తాడుని చూసి పాము అనుకునేవాడికి కొన్నాళ్ళకి తాడు కూడా అక్కర్లేదు. "ఎవరు?" అని మేస్త్రీ కళ్ళతో అడిగితే, "వెనకాల" అని గడ్డం ఎత్తేవాడు. మేస్త్రీ తిరిగి చూసేసరికి వెనకాల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ప్రతిసారీ చెల్లెలు క్షేమంగా ఇల్లు చేరింది, ప్రతిసారీ అతనికి నిద్ర పట్టింది.

బయటపెట్టింది ఇస్త్రీ బండి తల్లి. ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ గుండీతో అంది. "ఏమ్మా, మీ పాటకి వస్తున్నాను కానీ, ఆ మాట దగ్గరికొచ్చేసరికి మీ అన్న నా నోరు మూసేస్తున్నాడు. పెద్దాయన అనేలోపు దుబ్బుమంటాడు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోతోంది. ఇంటికెళ్ళాక కూడా అక్కడే ఉంటోంది."

ఆ సాయంత్రమే సాధన. గుండీ మైకు ముట్టుకోలేదు, అన్న ఎదురుగా పీట మీద కూర్చుంది.

"మొన్న లారీ దగ్గర ఎవరున్నారు అన్నయ్యా?"

"వెనకాల..."

"వెనకాల ఎవరు?"

దుబ్బు తీగ మీది తుప్పు చూస్తున్నాడు.

"అంతకు ముందు? పరుపులవాళ్ళ వీధిలో?"

మేస్త్రీ డ్రమ్ము పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరూ లేరు" అన్నాడు దుబ్బు చివరికి. "నువ్వున్నావు. అంతే."

కేకలు వేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. "కుర్చీలో నువ్వే కూర్చుంటే వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు అన్నయ్యా" అంది, నిదానంగా. అప్పుడతను మిషను తెచ్చిన మనిషి అన్న మాటంతా, అదృష్టం మాటతో సహా, చెప్పాడు.

గుండీ విని, చెయ్యి చాచి అన్న మోకాలి మీద పెట్టింది.

"కట్టడి మార్చొద్దు మేస్త్రీ. పోయినవాళ్ళ సంవత్సరీకం రోజున తోళ్ళ గోదాములో పాడుతున్నాం కదా. ఆ రోజు కూడా అన్నయ్య కొడితే నేను ఆగిపోతాను. ఎందుకని అడగను, తిరిగి చూడను. కొట్టకపోతే పాడతాను."

"నన్నింకా నమ్ముతావా" అన్నాడు దుబ్బు.

"నీ వీపు మీద పెరిగాను. ఇంకెవర్ని నమ్మను?"

తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి అతను నమలడం రెండో వైపు కూడా మానేశాడు. గంజినీళ్ళ మీద ఉన్నాడు.

తోళ్ళ గోదాము పొడుగ్గా, చీకటిగా ఉంటుంది. తోళ్ళు తీసేసినా వాసన పోదు. ముందు పెద్ద తలుపు, అటువైపు చివర చిన్న ఇనప తలుపు. దుబ్బు అందరికన్నా ముందు వెళ్ళి ఇనప తలుపు తోసి చూశాడు. తెరుచుకుంది. ఒక ఇటుక తెచ్చి అడ్డం పెట్టాడు. నాలుగడుగులు నడిచి, మళ్ళీ వచ్చి, ఇటుకని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టాడు. సాయంత్రపు ఎండ ఆ సందులోంచి నేల మీద పొడుగ్గా పడింది.

జనం నిండారు. పోయినవాళ్ళ తల్లులూ తండ్రులూ ముందు వరసలో, ఇస్త్రీ బండి తల్లి మధ్యలో. అందరి మొహాలూ వేదిక వైపు, వీపులు ఇనప తలుపు వైపు. మేస్త్రీ డ్రమ్ముల వెనక కిందికి కూర్చుంటాడు, అతనికి తలలు తప్ప కనిపించవు. కరెంటాయన ఎప్పుడూ వేళ్ళు చూసుకుంటూ వాయిస్తాడు. గుండీ కళ్ళు మూసుకుంటుంది. ఆ తలుపు కనిపించేది ఒక్క దుబ్బుకే.

పాట మొదలైంది. పక్క మిషను పిల్ల నవ్వు వచ్చింది. పంచుకున్న డబ్బా వచ్చింది. దుబ్బు ఖాళీలు వదులుతూ నడుస్తున్నాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది. నేల మీది ఎండ చారనే చూస్తున్నాడు, అది ఉన్నంతసేపూ భయం లేదని తనకి తాను చెప్పుకుంటూ.

పొగ చరణంలో ఆ చార సన్నబడింది.

మొదట మబ్బు అనుకున్నాడు. ఇంకాస్త సన్నబడింది. ఇటుక అక్కడ లేదు. సందులో మెరిసే బూటు ఒకటి కనిపించింది, దాని పక్కన ఇంకో జత కాళ్ళు. చేతికి చుట్టుకున్న గొలుసు. ఎండ చార దారమంత అయింది.

ఇన్నాళ్ళూ అతను భయపడినవన్నీ ఉత్తవి. ఇది నిజం. నిజమైన భయం వస్తే ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఒంట్లో నెత్తురు లేనట్టుంది. వేళ్ళు ఎవరివో అన్నట్టున్నాయి.

"తాళం ఎవరేశారు?" అని గుండీ అడిగింది.

ముందు వరసలో ఇస్త్రీ బండి తల్లి నోరు తెరుచుకుంది.

దుబ్.

ఒకటో దెబ్బ. అతను ఎన్నడూ మోగించనంత పెద్దది. గోదాము రేకులు అదిరాయి. గుండీ మాట ప్రకారం చటుక్కున ఆగిపోయింది. కట్టడి ప్రకారం ఆ తర్వాత వాయిద్యం సాగాలి. సాగలేదు. దుబ్బు చేతులు రెండూ తీగల మీద పడి అలాగే ఉండిపోయాయి. బాసు లేకపోయేసరికి మేస్త్రీ పుల్లలు గాల్లో ఆగాయి. కరెంటాయన తల ఎత్తాడు.

గోదాము మొత్తం ఖాళీ అయిపోయినట్టు నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి గొలుసు చప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము. చిన్న చప్పుడే. అక్కడున్నవాళ్ళకి ఆ చప్పుడేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

అందరూ తిరిగారు.

ఎవరూ పరిగెత్తలేదు. ముందు ఇస్త్రీ బండి తల్లి లేచింది. కుర్చీల మధ్య నుంచి, మోకాళ్ళ నొప్పితో కుంటుతూ, ఆ పొడుగు గోదాము దాటి ఇనప తలుపు దగ్గరికి నడిచింది. వెనకాలే మిగతావాళ్ళు.

"తాళం తియ్యి నాయనా" అంది తలుపు సందులోకి.

"వెయ్యలేదమ్మా" అన్నాడు బయటి మనిషి. "గాలికి కొట్టుకుంటోందని..."

"వెయ్యకపోతే తియ్యడం తేలికే కదా. తియ్యి."

వెనక ఇంకెవరో మెల్లగా అన్నారు, "తాళం తియ్యి." ఇంకొకరు. అరుపు కాదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఒకరి తర్వాత ఒకరు, తర్వాత అందరూ కలిసి. గొలుసు జారిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. ఎండ మళ్ళీ పొడుగ్గా లోపలికి పడింది. బయట బూట్లవాళ్ళు ఇద్దరూ ఎక్కడో పనున్నట్టు చకచకా నడిచి వెళ్ళిపోయారు.

తర్వాత ఖాళీ కుర్చీ వాళ్ళు ఏ ఊళ్ళో వాయించినా జనం అడిగింది ఆ "తాళం తియ్యి" మాటే. పెద్దాయన అన్న పేరు ఆ రోజు ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం అప్పటికి లేకపోయింది.

సామాన్లు సర్దుతుంటే మేస్త్రీ దగ్గరికొచ్చాడు. "కొట్టావా, జారిందా?"

"అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళాలి మేస్త్రీ" అన్నాడు దుబ్బు.

దారిలో గుండీ అడిగింది. "అన్నయ్యా, కొట్టావా, జారిందా?"

"నీకేది బాగుంటే అది అనుకో."

"రెండోదే నాకిష్టం. నిన్ను వెక్కిరించుకోవచ్చు."

అతను నవ్వాడు. అతని నోట్లో రెండు వైపులా పళ్ళున్నాయని ఆమెకి ఆ రోజే గుర్తొచ్చిందట.

గుమ్మంలో అమ్మ "తీసుకొచ్చావా" అంది. "తీసుకొచ్చాను" అన్నాడు.

మర్నాడు కొట్టుకి వెళ్ళేసరికి మూసిన తలుపు ముందు, సరిగ్గా నడిమధ్యలో, ఒక ఇటుక ఉంది. ఒక మూల చితికి, తోలు రంగు అంటుకుని ఉంది. గోదాములో తాను అడ్డం పెట్టిన ఇటుక.

దాని పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. వీధి మామూలుగా నడుస్తోంది, ఎవరో "ఏం దుబ్బన్నా, కొట్టు తెరవవా" అని పలకరించి పోయారు. అతను ఇటుకనే చూస్తున్నాడు. వాళ్ళు ఎన్నడూ గుండీ దగ్గరికి రాలేదు. మేస్త్రీ దగ్గరికీ, కరెంటాయన దగ్గరికీ వెళ్ళలేదు. మిషను తన దగ్గరికే తెచ్చారు. ఇటుకా తన దగ్గరికే. గుండీని బెదిరించలేరు, అందుకని బెదిరేవాణ్ణి వెతుక్కున్నారు. ఆ ఇంటికి గడియ పడని తలుపు ఒకటే, అది తను. తనున్నంతకాలం ఆమె గొంతు నొక్కడానికి వాళ్ళకో చోటుంటుంది.

ఊరొదిలి పారిపోవడానికి ఇది ఒక సాకు అని కూడా తోచే ఉంటుంది. ఆ రెండింట్లో ఏదో అతనికే తెలియాలి.

బల్ల కింది మిషను బయటికి తీశాడు. లోపలి నల్లపొడి తుడవలేదు. గుడ్డ చుట్టి, చంకన పెట్టుకుని, వీధి మలుపుకి వెళ్ళి ఇస్త్రీ బండి మీద, మడత బట్టల పక్కన దించాడు. రేకు పక్కకి జరిపి, ఆమె కూతురి మిషనుకి తాను వేసిన రాగి ముక్క చూపించాడు. ఆ తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించింది. ఎవరి మిషనని అడగలేదు.

"రిపేరు అయిపోయిందండీ" అన్నాడు దుబ్బు. "చప్పుడు బాగానే చేస్తుంది."

ఇంటికొచ్చేసరికి అమ్మ పక్కింట్లో ఉంది. గుండీ స్నానాలగదిలో ఉంది. నీళ్ళు పోసుకుంటూ నిన్నటి మాటని కొత్త వరసలో కట్టుకుంటోంది. "తాళం తియ్యి నాయనా", ఆగింది, చెంబుతో బకెట్టు అంచు మీద మూడో దెబ్బ వేసింది, మళ్ళీ అందుకుంది.

దుబ్బు సంచిలో రెండు చొక్కాలు, స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా పెట్టుకున్నాడు. అమ్మ మిషనుకి బెల్టు బిగించి, రెండు చుక్కలు నూనె వేశాడు. బాసుని గదిలో ఉన్న ఒక్క కుర్చీ మీద నిలబెట్టి, పడిపోకుండా తువ్వాలు చుట్టాడు.

"అన్నయ్యా, వచ్చావా? ఈ ముక్క విను" అంది గుండీ లోపలి నుంచి.

విన్నాడు. ఆమె పాడి, ఒకటో దెబ్బ దగ్గర ఆగింది. ఆ ఖాళీలో అతను గడప దాటి తలుపు దగ్గరగా వేశాడు. గడియ లాగి చూడలేదు. నాలుగడుగులు నడిచాక వెనక్కి రానూ లేదు.